గెడ్డ నిండా పలుగురాళ్లే, స్ఫటికం మాత్రం ఒక్కటీ కనపడదు

గరివిడి దగ్గర ఎప్పుడో మూతబడిన ఒక మాంగనీసు గని డంపు మీద, అంటే తవ్వి పారబోసిన రాళ్ల గుట్ట మీద, యజమానిని అడిగి, ఒప్పించి, ఎండలో రాళ్లు ఏరుకుంటున్నాను. కాపలా ఆయన కాసేపు చూసి ఉండబట్టలేక అడిగేశాడు: "పలుగురాయి కోసం వైజాగ్ నుంచి వచ్చీసారేటి బాబూ? మా గెడ్డ నిండా అవే కదేటి!"

ఆయన మాటలో తప్పు లేదు. మన వైపు ఏ కొండ ఎక్కినా, ఏ గెడ్డలో (వాగులో) దిగినా తెల్లటి పలుగురాయి కాలికి తగులుతూనే ఉంటుంది. బీచ్‌లో మన అరికాళ్లకు అంటుకునే ఇసుకలో చాలా భాగం అదే. కానీ ఆరు పలకలతో, కొసన మొన తేలి, అద్దంలా మెరిసే స్ఫటికం కావాలంటే మూడు రోజులు తిరిగినా ఒకటి దొరకకపోవచ్చు. పదార్థం చూస్తే రెండూ ఒకటే, సిలికాన్ డయాక్సైడ్. ఇంగ్లిష్‌లో రెండింటికీ క్వార్ట్జ్ అనే ఒకే పేరు. తెలుగువాళ్లం మాత్రం ముద్దగా ఉన్నదాన్ని పలుగురాయి అనీ, మొన ఉన్నదాన్ని స్ఫటికం అనీ విడదీసి పిలుచుకున్నాం. ఈ విషయంలో మన భాషే నయం అనిపిస్తుంది నాకు.

ఒకటి గెడ్డ నిండా ఉండి, రెండోది ఎందుకు లేదు? ఉన్న కాస్తా పాత గనుల దగ్గరే ఎందుకు దొరుకుతుంది? దొరికితే అది ఎవరిది? ఈ మూడు ప్రశ్నలూ ఒకదానికొకటి చిక్కుపడి ఉన్నాయి. మొదటి రెండూ తేలిగ్గానే విడతాయి, మూడోది అంత తేలిగ్గా విడదు.

చోటుంటేనే మొన

సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ సింహాచలం బస్సు ఎక్కినవాళ్లకు ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది. కిక్కిరిసిన బస్సులో ఎవరూ చెయ్యి చాపలేరు. ఎవరి ఆకారం వాళ్లది కాదు, పక్కవాళ్ల మోచేతులు మిగిల్చిన చోటుదే. రాతిలో క్వార్ట్జ్ పరిస్థితి చాలాసార్లు ఇంతే. గ్రానైట్ లాంటి శిల చల్లారేటప్పుడు అది చివర్లో గడ్డకట్టే ఖనిజాల్లో ఒకటి. అంటే బస్సు ఆఖరున ఎక్కినవాడు. మిగిలిన సందుల్లో సర్దుకోవాల్సిందే. దాని సొంత ఆకారం, అంటే ఆరు పలకలూ మొనా, బయటపడాలంటే చుట్టూ ఖాళీ ఉండాలి. ఆ ఖాళీలో సిలికా కరిగిన వేడినీళ్లు ఉండాలి. అవి తొందరపడకుండా చల్లారాలి.

మన కొండల్లో కొరత ఆ ఖాళీకే. సింహాచలం కొండ, కైలాసగిరి, డాల్ఫిన్స్ నోస్ అన్నీ ప్రధానంగా ఖొండలైట్ అనే శిల. ఒడిశా, ఉత్తరాంధ్ర కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీద టి.ఎల్. వాకర్ 1902లో దానికి ఆ పేరు పెట్టాడు. ఒకప్పటి బురదా ఇసుకా భూమి లోపలికి పాతిక ముప్పై కిలోమీటర్లు కూరుకుపోయి, సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట 900 డిగ్రీలు దాటిన వేడిలో ఉడికి తయారైన రాయి అది. అందులో క్వార్ట్జ్ ఉంది, గార్నెట్ ఉంది, సిల్లిమనైట్ ఉంది, అక్కడక్కడా గ్రాఫైట్ కూడా ఉంది. లేనిది చోటు. ఆ లోతులో ఆ ఒత్తిడికి ఏ ఖాళీ అయినా ఉంటే మూసుకుపోతుంది.

మహారాష్ట్ర వైపు చూడండి. జల్‌గావ్, పుణె, ఔరంగాబాద్ చుట్టుపక్కల బావి తవ్వుతుంటేనో, కంకర క్వారీ కొడుతుంటేనో బయటపడే స్ఫటికాలు ప్రపంచంలోని పెద్ద మ్యూజియాలకు వెళ్లాయి. కారణం దక్కన్ లావా. లావాలో చిక్కుకున్న గాలిబుడగలు గట్టిపడి గుల్లలుగా మిగిలాయి, వాటి గోడల మీద తర్వాత స్ఫటికాలు తీరిగ్గా పెరిగాయి. అంటే అక్కడ ప్రకృతి ముందు గది కట్టి తర్వాత కాపురం పెట్టింది. అలాంటి లావా మనకు దగ్గర్లో రాజమహేంద్రవరం పక్కన కాతేరు దగ్గర ఉంది, విశాఖ దాకా రాలేదు.

మరి మనకున్నది ఏమిటి? ఖొండలైట్ చల్లారి పైకి లేచాక దాన్ని చీల్చుకుంటూ వచ్చిన సిరలు, పెగ్మటైట్లు. సిర అంటే రాతి పగుల్లోకి వేడినీళ్లు ఎక్కి రెండు గోడలకూ సిలికా పూసుకుంటూ పోయిన తెల్లటి చార. రెండు వైపుల పూతా మధ్యలో కలిసిపోతే పలుగురాయి. కలవకముందే నీళ్లు అయిపోతే మధ్యలో ఒక సందు మిగులుతుంది, స్ఫటికాలు ఉండేది ఆ సందులోనే. పెగ్మటైట్ అంటే చాలా పెద్ద పలుకులతో గడ్డకట్టిన శిల. పక్కల్లో ఫెల్డ్‌స్పార్, మన కాకిబంగారం అంటే అభ్రకం, నడుమ తెల్లటి క్వార్ట్జ్ గుండె. నెల్లూరు వైపు గూడూరు అభ్రకం గనులన్నీ ఈ రకమే. అయితే ఆ గుండె కూడా చాలామటుకు ముద్దే. పది లారీల ముద్దకు ఒక గుప్పెడు మొనలు దొరికితే అదృష్టం.

పాత గనే ఎందుకు

గనివాళ్లకు స్ఫటికంతో పని లేదు. క్వార్ట్జ్ గని వాళ్లు సరుకును టన్నుల్లో అమ్ముతారు. ఫెర్రో అల్లాయ్ ఫ్యాక్టరీకి కావాల్సింది సిలికా ఎంత శాతం, ముక్క ఏ సైజు అన్నదే. మొన తేలిన ముక్క, మీద ఇనుపతుప్పు పట్టి ఉంటే, వాళ్ల లెక్కలో తీసిపారేయాల్సిన సరుకు. మాంగనీసు గనిలో అయితే పలుగురాతి సిర ఒట్టి అడ్డంకి. దాన్ని పక్కకు తోసి డంపు పోసేవాళ్లు.

ఆ డంపులు మన వైపు చాలా పాతవి. దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది ఇక్కడే, 1892లో, కోడూరు దగ్గర. అక్కడి ఒక వింత శిలకు ఫెర్మోర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ ఊరి పేరు మీదే కోడూరైట్ అని పేరు పెట్టాడు. 1933లో విశాఖ పోర్టు తెరిచిన కారణాల్లో మధ్యపరగణాల (ఇప్పటి మధ్యప్రదేశ్ వైపు) మాంగనీసును ఓడ ఎక్కించడం ముఖ్యమైనది. పాత రోజుల్లో తవ్వకం చాలావరకు చేతితోనే, పలుగూ సుత్తీ గంపలతో. మనిషి చేతి దెబ్బకు రాయి దానికి ఇష్టమైన చోట విడుతుంది. ఇప్పటి పేలుడు మందు దెబ్బకు స్ఫటికం పైకి బాగానే ఉన్నట్టుంటుంది కానీ లోపల సన్నటి బీటలు పాకిపోయి ఉంటాయి, ఆ తర్వాత క్రషర్ దాటి బతికేది ఏమీ ఉండదు. పాత డంపు మీద వానలు ఏళ్ల తరబడి మట్టిని కడిగేస్తాయి. తుపాను వెలిసిన రెండు మూడు వారాలకు, పొద్దున్నే ఏటవాలు ఎండలో వెళ్తే మెరిసేవి వాటంతట అవే కనిపిస్తాయి.

కానీ అదే వాన డంపు వాలును నానబెడుతుంది కూడా. కాబట్టి వాలు కింద కూర్చుని తవ్వకూడదు. గని గోడ దగ్గరికి వెళ్లకూడదు. సొరంగం కనిపిస్తే లోపలికి ఒక్క అడుగు కూడా వేయకూడదు. గాలి ఆడని గనిలో ఆక్సిజన్ తగ్గిపోయిన సంగతి ముక్కుకు తెలియదు, కళ్లు తిరిగాకే తెలుస్తుంది. నీళ్లు నిండిన గోతులు పైకి చెరువుల్లా కనిపిస్తాయి కానీ వాటికి మెట్టు ఉండదు, గట్టు నిట్టనిలువు. ఇంకొకటి, పలుగురాయిని ఇంట్లో పొడిగా కోయడం, రుద్దడం వద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్, దానికి మందు లేదు. పలుగురాయి పిండి మిల్లుల్లో పనిచేసినవాళ్లు ఏళ్ల తర్వాత దగ్గుతూ కట్టే మూల్యం అదే.

చేతిలోకి తీసుకున్నాక

ఆ రోజు నాకు దొరికింది బొటనవేలంత ముక్క. ఎర్రమట్టి, దానిపైన మసిలాంటి మాంగనీసు పూత. వాటర్ బాటిల్లో మిగిలిన నీళ్లు పోసి కడిగాను. ఒక పలక బయటపడింది. ఎండకు అటూ ఇటూ తిప్పితే దాని మీద అడ్డంగా సన్నటి గీతలు, బీరువా రేకు మీద గీతల్లా. క్వార్ట్జ్ నిలువు పలకల మీద గీతలు అడ్డంగానే ఉంటాయి. పుష్యరాగం (టోపాజ్) మీదైతే నిలువుగా ఉంటాయి. చాలామందిని మోసం నుంచి కాపాడే చిన్న గుర్తు ఇది.

రెండో గుర్తు కోణం. పక్కపక్కనే ఉన్న రెండు నిలువు పలకల మధ్య 120 డిగ్రీలు. ముక్క వంకరగా ఉన్నా, ఒక పలక వెడల్పుగా, మరొకటి సన్నగా ఉన్నా, ఆ కోణం మారదు. 1669లో నికొలాస్ స్టెనో గమనించిన సంగతి ఇదే. స్ఫటిక శాస్త్రానికి అక్కడే పునాది పడింది. స్కూలు పిల్లల కోణమానినితో ఇంట్లో కొలుచుకోవచ్చు.

మూడోది గట్టిదనం. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ కొలతలో క్వార్ట్జ్ 7. మామూలు చాకు దాన్ని గీయలేదు, అదే చాకును, గాజును, ఫెల్డ్‌స్పార్‌ను క్వార్ట్జ్ గీస్తుంది. ఫెల్డ్‌స్పార్ విరిగితే మెట్లుమెట్లుగా చదునైన తలాలు వస్తాయి. క్వార్ట్జ్ విరిగితే సీసా పెంకులా, గవ్వ లోపలి వంపులా విరుగుతుంది. కాల్సైట్ కూడా మొన తేలుతుంది, కొత్తవాళ్లు పొరబడేది దాని దగ్గరే. దాని గట్టిదనం 3 మాత్రమే, మామూలు చాకుతో గీసినా గీత పడుతుంది.

షాపుల్లో కొనే స్ఫటిక మాలల సంగతి వేరే. వాటిలో గాజు ఎక్కువ. గాజులో గుండ్రటి బుడగలు ఉంటాయి. స్ఫటికంలో ఉండేవి మేఘాల్లాంటి తెరలు, అడ్డదిడ్డమైన పొరలు. బుగ్గకు ఆనిస్తే స్ఫటికం చల్లగా తగులుతుంది, గాజు త్వరగా వేడెక్కుతుంది. పెద్ద గోళం అయితే కాగితం మీద సన్నటి గీత గీసి దానిపై పెట్టి మెల్లగా తిప్పండి. ఏదో ఒక వైపు గీత రెండుగా కనిపిస్తే స్ఫటికం, ఎటు తిప్పినా ఒకటిగానే ఉంటే గాజు. అయితే ఫ్యాక్టరీల్లో ఒత్తిడి పాత్రల్లో పెంచిన క్వార్ట్జ్ ఈ పరీక్షలన్నీ పాసవుతుంది, ఎందుకంటే అదీ అసలైన క్వార్ట్జే. దానికి లేనిది ఒక్కటే, ఊరు.

రంగుల గురించి ఒక మాట. పొగరంగు స్ఫటికంలో ఉన్నది పొగ కాదు. కొద్దిపాటి అల్యూమినియం మలినం మీద చుట్టూ ఉన్న రాతి సహజ రేడియేషన్ లక్షల ఏళ్లు పనిచేస్తే వచ్చిన రంగు. ఊదారంగు అమెథిస్ట్‌కు ఇనుమూ రేడియేషనూ కారణం. ఊదారంగు ముక్కను కిటికీలో పెడితే మన విశాఖ ఎండకు మెల్లగా వెలిసిపోతుంది. కాల్చితే పసుపెక్కుతుంది, బజార్లో సిట్రిన్ పేరుతో వచ్చేదాంట్లో చాలా భాగం అదే.

ఈ రాళ్ల పిచ్చికి మన ఊళ్లో పెద్ద పూర్వికుడే ఉన్నాడు. చిన్నప్పుడు విశాఖలోనే చదువుకున్న సి.వి. రామన్ జీవితాంతం ఖనిజాలు, రత్నాలు సేకరించాడు. ఆ సేకరణ బెంగళూరులో ఆయన సంస్థలో ఉంది. 573 డిగ్రీల దగ్గర క్వార్ట్జ్ లోపలి అమరిక మారిపోయే వింత మీద 1940లో నెడుంగాడితో కలిసి పరిశోధన ప్రచురించాడు కూడా. ఆంధ్రా యూనివర్సిటీలో భూగర్భ శాస్త్ర విభాగాన్ని నిలబెట్టిన సి. మహదేవన్ ఆయన శిష్యుడే.

ఇంతకీ ఆ రాయి ఎవరిది

ఇక్కడే అసలు చిక్కు. "పారేసిన రాయే కదా, ఎవరిదైతే ఏంటి" అనుకునేవాళ్లు ఎక్కువ. చట్టం అలా అనుకోదు.

ముందు నేల ఎవరిదో, ఖనిజం ఎవరిదో, తవ్వే హక్కు ఎవరిదో వేరుచేసి చూడాలి. పట్టా భూమి కింద ఖనిజం, చట్టం ప్రత్యేకంగా లాక్కుంటే తప్ప, భూమి యజమానిదే అని కేరళ కేసులో సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. కానీ తనదైనంత మాత్రాన తవ్వుకునే హక్కు రాదు. 1957 నాటి గనుల, ఖనిజాల చట్టం ప్రకారం లీజు లేకుండా తవ్వకూడదు, పద్ధతి ప్రకారం కాకుండా ఖనిజాన్ని తరలించకూడదు, నిల్వ చేయకూడదు. తప్పితే ఐదేళ్ల వరకు జైలు, హెక్టారుకు ఐదు లక్షల దాకా జరిమానా. ఈ చట్టం లారీలను దృష్టిలో పెట్టుకుని రాసింది, జేబులో బొటనవేలంత రాయిని కాదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో సరదాగా రాళ్లు ఏరుకునేవాళ్లకు విడిగా ఒక లైసెన్సు ఉంది. మన చట్టంలో అలాంటి గడి లేదు. గడి లేదు కాబట్టి పర్వాలేదు అనుకోవడం ఒక పొరపాటు, గడి లేదు కాబట్టి చేతిలో రాయి ఉన్న ప్రతివాడూ దొంగే అనడం ఇంకో పొరపాటు. మధ్యలో నడవగలిగే దారి ఒక్కటే, లీజుదారు ఇష్టపూర్వకంగా, వీలైతే కాగితం మీద, ఇచ్చిన ముక్క.

2025లో ఈ వ్యవహారం ఇంకా ముదిరింది. క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, అభ్రకం, బెరైటీస్ నాలుగూ 2015 నుంచి మైనర్ మినరల్స్, అంటే ఇసుకా కంకరల్లా రాష్ట్రం నిబంధనలు పెట్టే సరుకు. 2025 ఫిబ్రవరిలో కేంద్రం వాటిని మళ్లీ మేజర్ మినరల్స్‌లోకి మార్చింది. కారణం పలుగురాయి కాదు, దాని పొరుగువాళ్లు. పెగ్మటైట్లలో క్వార్ట్జ్, అభ్రకం పక్కనే లిథియం, బెరిల్, నియోబియం, టాంటలం లాంటివి ఉండొచ్చు. మైనర్ లీజు మీద తవ్వేవాడు అవి దొరికినా చెప్పడం లేదు, తీయడం లేదు. బ్యాటరీల కాలంలో వాటి విలువ పెరిగింది కనుక లెక్క కేంద్రం చేతిలోకి వెళ్లింది. మనలాంటివాళ్లకు దీనర్థం, నిన్నటిదాకా జిల్లా గనుల ఆఫీసుతో పోయే సంగతిపై ఇప్పుడు పైవాళ్ల కన్నూ ఉందని. పాత లీజుదారు కూడా "నాకెందుకు బాబూ టెన్షన్" అని డంపు మీదకు రానివ్వకపోతే ఆయన్ని తప్పుపట్టలేం.

ఏజెన్సీలో అయితే ఇంకో పొర ఉంది. అనంతగిరి మండలం, బొర్రా ప్రాంతంలో గిరిజనేతరులకు ఇచ్చిన గని లీజుల మీద వచ్చిన కేసే సమత కేసు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అరకు దారిలో మూతబడ్డ గోతులు కనిపిస్తే అవి దిక్కులేనివి అనుకోకండి. పైగా చాలా చోట్ల అది రిజర్వు ఫారెస్టు, అక్కడ అటవీ చట్టం వేరే వస్తుంది. గొలుగొండ మండలం కరక కొండల్లో రంగురాళ్ల కోసం దొంగచాటు తవ్వకాలు జరిగినప్పటి నుంచి నర్సీపట్నం వైపు సుత్తి పట్టుకున్న ఎవరినైనా అటవీ సిబ్బంది అనుమానంగానే చూస్తారు, చూడాలి కూడా. ఇక భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు జాతీయ భూవారసత్వ స్థలం, అక్కడ ఫొటోతో సరిపెట్టుకోవాలి.

కడగడం, చీటీ రాయడం

ఇంటికి తెచ్చాక తొందరపడేవాడు రాయిని పోగొట్టుకుంటాడు. నా మొదటి స్ఫటికాన్ని నేనే పాడుచేశాను. ఇనుపతుప్పు మరకలకు ఆగ్జాలిక్ యాసిడ్ మంచిదని విన్నాను. మార్బుల్ పాలిష్ పనివాళ్లు వాడే తెల్లటి పొడి అది, తుప్పులోని ఇనుమును పట్టుకుని నీళ్లలో కరిగేలా చేస్తుంది. మాంగనీసు నల్లమరకనూ వదిలిస్తుంది. వేడి చేస్తే పని త్వరగా అవుతుందని వంటింటి గిన్నెలో కాచాను. "తినే గిన్నెలో ఏం కాస్తున్నావురా?" అని మా అమ్మ కేకేసింది. ఆ కంగారులో వేడి రాయిని తీసి కుళాయి కింద పెట్టాను. "టిక్" అని చిన్న చప్పుడు. మొనకు కాస్త కింద ఇంద్రధనుస్సు రంగుల్లో ఒక బీట అడ్డంగా పరుచుకుంది. పైపొర ఒక్కసారిగా చల్లబడి ముడుచుకుంటే లోపలి భాగం ఇంకా వేడిగానే ఉంది. క్వార్ట్జ్ లోపల చిక్కుకున్న నీటి బిందువులు కూడా ఆ పగులుకు సాయపడతాయి. ఆ గిన్నె తర్వాత బయట పారేశాం, ఆగ్జాలిక్ యాసిడ్ విషం కనుక.

ఇప్పుడు ప్లాస్టిక్ బకెట్లో చల్లటి నీళ్లలోనే కలిపి, బాల్కనీలో మూతపెట్టి, వారం వదిలేస్తాను. చేతులకు గ్లౌజులు తప్పనిసరి. తర్వాత ఇంకో వారం రోజూ నీళ్లు మారుస్తూ నానబెట్టాలి, లేకపోతే పగుళ్లలో పసుపు మరక మిగిలిపోతుంది. వాడిన నీళ్లలో వంటసోడా వేసి బుసబుస ఆగాకే పారబోయాలి. రాయికి కాల్సైట్ అంటుకుని ఉంటే అసలు యాసిడ్ జోలికే పోకూడదు, కాల్సైట్ పాడైపోతుంది. చాలాసార్లు పాత టూత్‌బ్రష్, ఓపిక చాలు.

చీటీ విషయంలో మాత్రం నేను మొండివాణ్ణి. ఏ గని, ఏ ఊరు, డంపా సిరా, ఎవరి అనుమతి, ఏ తేదీ. ఇవి లేని రాయి ఎంత మెరిసినా నాకు ఒకటే. శాస్త్రానికి అది పనికిరాదు, చట్టం అడిగితే జవాబు లేదు, ఫ్యాక్టరీలో పెంచినదానికీ దీనికీ తేడా చూపలేం. పైగా మన వైపు ఊరు రాయడంలోనూ ఒక చిక్కుంది. చీపురుపల్లి ప్రాంతపు ఒకే గోతిలోంచి వచ్చిన ముక్కకు, తీసిన ఏడాదిని బట్టి మూడు జిల్లాలు ఉండొచ్చు. బ్రిటిష్ కాలపు చీటీ మీద వైజగపటం అని, 1950 తర్వాతిదైతే శ్రీకాకుళం అని, 1979 తర్వాతిదైతే విజయనగరం అని. 2022లో జిల్లాలు మళ్లీ చీలాక బొర్రా అల్లూరి జిల్లాలోకి, నర్సీపట్నం అనకాపల్లిలోకి వెళ్లాయి. "విశాఖ జిల్లా, స్ఫటికం" అని మాత్రమే రాసిన పాత చీటీ ఇప్పుడు సగం రాష్ట్రాన్ని వెతికించేలా ఉంది. అందుకే జిల్లా పేరుతో ఆగకుండా ఊరు, గని పేరు, ఫోన్లో కనిపించే అక్షాంశ రేఖాంశాలు కూడా రాస్తాను. బాల్‌పెన్ సిరా మన ఊరి ఉప్పుగాలికి నాలుగేళ్లలో వెలిసిపోతుంది కనుక పెన్సిల్‌తోనే.

ఆ రోజు కాపలా ఆయనకు కడిగిన ముక్క చూపించాను. వేళ్ల మధ్య తిప్పి, ఎండకు ఎత్తి పట్టుకుని, "ఇదేటి, ఎవురో చెక్కినట్టుంది" అన్నాడు. ఎవరూ చెక్కలేదు, ఇలాగే పెరిగింది అంటే నమ్మలేదు. ఇంకొకటి దొరికితే తన మనవరాలి కోసం పక్కన పెడతానన్నాడు.